ఈఎంఐ ఆగకూడదు, నడకా ఆగకూడదు: ఇంటి లోనున్నోళ్ళకి మా డెల్టా వంతుల లెక్క

మాది గోదావరి డెల్టాలో మండపేట పక్క ఊరండి. నేను రైసు మిల్లులో లెక్కలు రాస్తాను, మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో చెప్తుంది, ఇద్దరిదీ కలిపి నెలకి 52 వేలు, అందులో 21,696 ప్రతినెలా ఐదో తారీఖున ఇంటి లోనుకి ఎగిరిపోద్ది. 25 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్ళు. రేటు మధ్యలో కాస్త అటూ ఇటూ ఊగింది గానీ లెక్క తేలిగ్గా ఉంటదని ఇక్కడ 8.5 దగ్గరే ఆపుతున్నాను.

రెండేళ్ళు కట్టాక ఒకరోజు స్టేట్‌మెంట్ ప్రింటు తీయించా. మిల్లులో రోజూ ఊరందరి లెక్కలూ రాసేవోణ్ణి, నా లెక్క మాత్రం అప్పటిదాకా చూసుకోలేదు. కట్టింది 5 లక్షల 20 వేలు, అసలు తగ్గింది లక్షా 4 వేలు. మూడుసార్లు కూడి చూశాను, తప్పు లేదు. ఆ కాగితం మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, ఇంట్లో చెప్పకుండా, తర్వాతి వారమే మూడు షాపుల జీఎస్టీ లెక్కలు ఒప్పేసుకున్నా, రాత్రి 9 నుంచి 12 దాకా కూర్చుంటే నెలకి 7 వేలొస్తాయని. ఎనిమిది నెలలు లాగానండి. దాళ్వా, అంటే రబీ వరి, కోతలొచ్చేసరికి మిల్లు పొద్దున 8 నుంచి రాత్రి 8, ఇంటికొచ్చి మళ్ళీ లాప్‌టాప్, మధ్యలో టీలు ఎన్నో లెక్కే లేదు, ఆ మే నెలలో ఓ మధ్యాహ్నం లారీ కాటా దగ్గర కళ్ళు తిరిగి కూలబడిపోయా. బీపీ 150 బై 96, పరగడుపు షుగర్ 118. అంటే షుగర్ గుమ్మం దాకా వచ్చి తలుపు కొడుతోంది. డాక్టరుగారు అప్పటికి మందు రాయలేదు, మూడు నెలలు టైమిస్తున్నా, నడవండి, వేళకి పడుకోండి, మళ్ళీ రండి అన్నారు. ఇంటికొచ్చాక మా ఆవిడ ఆ జేబులో కాగితం చూసి, "ఇల్లు మనదయ్యేసరికి అందులో ఉండడానికి మీరుండక్కర్లేదా ఏంటండీ?" అంది, అంతే, ఇంకేం అన్లేదు.

మా వైపు దాళ్వాకి నీళ్ళు తక్కువైతే వంతులవారీ ఇస్తారు కదండి, ఇన్నిరోజులు ఈ కాలవకి, ఇన్నిరోజులు ఆ కాలవకి అని. వంతు తప్పి పైనోడు తూమెత్తేసుకుంటే శివారోడి చేను నెర్రెలిచ్చుద్ది. నేను చేసిన పని అదే, లోను పై చేను, నా ఒళ్ళు శివారు చేను. అప్పట్నించీ డబ్బుకీ, టైముకీ, ఒంటికీ వంతులు పెట్టుకుని నడుపుతున్నా. అదెలా పెట్టానో వరసగా రాస్తున్నా, మీ జీతానికీ మీ ఊరికీ తగ్గట్టు మార్చుకోండి.

మొదటి పని: లోను కాగితం ముందేసుకుని కూర్చోడం

యాప్‌లో కనపడే ఈఎంఐ అంకె చూసి ఊరుకోకండి. బ్యాంకుని అడిగి రీపేమెంట్ షెడ్యూలు తీసుకోండి, అందులో నెలనెలా వడ్డీ ఎంత, అసలు ఎంత విడివిడిగా ఉంటాయి. నాకైతే మొదటి నెల కట్టిన 21,696లో వడ్డీ 17,708, అసలు 3,988. ఇది మోసం కాదండి, వడ్డీ మిగిలిన అసలు మీద వేస్తారు, మొదట్లో అసలు కొండంత ఉంటది కాబట్టి వడ్డీ కూడా అంతే. పోనుపోనూ అది తగ్గి ఇది పెరుగుద్ది. ఇది అర్థమైతే ఒక విషయం దానంతటదే తెలిసిపోద్ది, మొదటి ఏళ్ళలో కట్టే అదనపు రూపాయికి ఉన్న బలం చివరి ఏళ్ళలో ఉండదు.

రెండోది, ఇంకా ఎన్ని నెలలు మిగిలున్నాయో చూడండి, ఇది చాలామంది చూడరు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వేసే వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్ళింది. మా తోడల్లుడు అంతకు ముందే లోను తీసుకున్నాడు, నా ఈఎంఐ పెరగలేదు, భలే బ్యాంకండి మాది అని పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకు తిరిగాడు. ఈఎంఐ పెంచలేదు, నెలలు పెంచారు. ఉదాహరణకి 25 లక్షలు 7 శాతానికి 20 ఏళ్ళకైతే ఈఎంఐ 19,382. అదే ఈఎంఐ ఉంచి రేటు 9 అయిందనుకోండి, వడ్డీయే 18,750, అసల్లోకి వెళ్ళేది 632 రూపాయలు. ఆ లెక్కన రిటైరయ్యాక కూడా కడుతూనే ఉండాలి. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు దీనిమీద రూలు తెచ్చింది, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, కాలం పెంచుకుంటారా, రెండూ కొంచెం కొంచెమా అని మనకి చెప్పి మనల్ని అడగాలి. అడక్కపోతే మనమే వెళ్ళి అడగాలి.

2019 అక్టోబరు తర్వాత బ్యాంకులో తీసుకున్న ఫ్లోటింగ్ (రేటు మారుతూ ఉండే) లోనైతే అది రెపో లాంటి బయటి రేటుకి ముడేసి ఉంటది. అంతకు ముందుదైతే పాత పద్ధతిలోనే ఉండిపోయి రేటు తగ్గినా మీదాకా రాకపోవచ్చు, కొద్దిపాటి ఫీజు కట్టి కొత్త పద్ధతికి మార్చమని అడగండి. ఫలానా వేరే బ్యాంకు తక్కువకి ఇస్తానంటోంది అని ఓ మాట వేసి చూడండి, ఒక్కోసారి అక్కడికక్కడే తగ్గిస్తారు.

రెండో పని: నెల డబ్బుకి వంతులు

జీతం ఒకటో తారీఖున పడితే ఈఎంఐ వెళ్ళే అకౌంటు వేరే పెట్టుకోండి, జీతం రాగానే ఆ డబ్బు అందులో వేసేసి ఇంక అటు చూడకండి. ఏటీఎం కార్డు కూడా బీరువాలో పడెయ్యండి.

అసలు తీర్చడానికి తొందరపడే ముందు కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు, మూడు ఈఎంఐలు పక్కన ఉండాలి. నేను ఇది చెయ్యకుండా చేతిలో ఉన్న 40 వేలూ లోనులో కట్టేశా, నెల తిరక్కుండా ఆ కళ్ళు తిరగడం, టెస్టులు, వారం రోజులు మిల్లుకి సెలవు, చివరికి తెలిసినాయన దగ్గర చేబదులు. రెండ్రూపాయల వడ్డీ అన్నాడాయన. రెండ్రూపాయలంటే వినడానికి ఎంత చిన్నగా ఉంటదో చూడండి, ఏడాదికి 24 శాతమండి అది! 8.5 శాతం అప్పు తీర్చడానికి తొందరపడి 24 శాతం అప్పు తెచ్చుకున్నా, లెక్కలు రాసేవోణ్ణి అయ్యుండి. కాబట్టి వరస ఇలా ఉండాలి: ముందు చేబదుళ్ళు, క్రెడిట్ కార్డు బాకీలు, తర్వాత బంగారం మీద తెచ్చింది, ఆఖర్న ఇంటి లోను. ఇంటి లోను అన్నింట్లోకీ చవకైన అప్పు, దాన్ని శత్రువులా చూడక్కర్లేదు.

మనం పోతే ఇంట్లోవాళ్ళకి డబ్బొచ్చే టర్మ్ ఇన్సూరెన్సు, ఇంటిల్లిపాదికీ హెల్త్ ఇన్సూరెన్సు, ఈ రెండూ కూడా ముందే. నాకేమైనా అయితే ఈఎంఐ మా ఆవిడ 14 వేల జీతంతో తీరేది కాదు.

ఇంక పండగలు. సంక్రాంతికి మా వైపు చెయ్యి ఎలా జారుద్దో మీకు తెలీనిది కాదు, బావగారొచ్చారని, కోడిపందేల బరి దగ్గర సరదాకి అని, కొత్తల్లుడున్నోళ్ళ సంగతైతే చెప్పక్కర్లేదు. ఏడాదికి పండగలకి ఎంతవుద్దో లెక్కేసి దాన్ని పన్నెండుతో భాగించి నెలనెలా పక్కన పెడుతున్నాం ఇప్పుడు. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు మావాళ్ళు, లోనున్నోడికి ఆ సామెత పనికిరాదు గానీ, వరద నీటికి పులస ఎదురెక్కే రోజుల్లో ఒక్కసారి నలుగురం కలిసి వాటా వేసుకుని ఓ ముక్క తినడం మాత్రం మానలేదు. అన్నీ మానేస్తే ఆర్నెల్లకి విసుగొచ్చి మొత్తం ప్లానే గోదాట్లో కలిసిపోద్ది.

మూడో పని: నడక, దీనికి కొంచెం ఎక్కువ రాస్తాను

ముందు ఆ పదివేల అడుగుల గోల వదిలెయ్యండి. అది డాక్టర్లు తేల్చిన అంకె కాదు, 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మిషను అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది, ఆ పేరుకి అర్థమే పదివేల అడుగుల మీటరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దోళ్ళకి చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమ, ఇంకా వారంలో రెండ్రోజులు కండలకి పని. 150 అంటే రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు, అంతే కదండి. మాదిరి శ్రమ అంటే ఎంతో తెలుసుకోడానికి వాచీలు కొనక్కర్లేదు, నడుస్తూ పక్కోడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

నేను మొదలెట్టింది ఇలాగ. మొదటి వారం ఇంటి దగ్గర్నుంచి కాలవ లాకుల దాకా వెళ్ళి రావడం, 15 నిమిషాలు, అంతకి మించి వద్దనుకున్నా, ఒళ్ళు సహకరించినా సరే. రెండో వారం 20. మూడో వారం నుంచి గట్టు మీద కరెంటు స్తంభాలు పెట్టుకున్నా లెక్కకి, ఒక స్తంభం నుంచి రెండో స్తంభం దాకా గబగబా, అక్కణ్ణించి మూడోదాని దాకా మామూలుగా. మొదట్లో నాలుగు స్తంభాలకే ఆయాసమొచ్చేది, రెండు నెలలకి పద్నాలుగో స్తంభం దగ్గరున్న రావిచెట్టు దాకా వెళ్ళొచ్చేస్తున్నా. ఛాతీలో పట్టేసినట్టున్నా, మామూలుకి మించి ఆయాసమొచ్చినా, కళ్ళు తిరిగినా మాత్రం అక్కడే ఆగిపోండి, డాక్టరుకి చూపించుకున్నాకే మళ్ళీ గట్టెక్కడం. గుండె జబ్బో షుగరో ముందునుంచీ ఉన్నోళ్ళు అడిగే మొదలెట్టండి.

టైము పొద్దున 5:20. ఎందుకంటే మన దగ్గర ఎండ కంటే ఉక్క చంపేస్తది, ఏప్రిల్, మేలలో 6:30 దాటితే చొక్కా పిండుకోవాలి. నీళ్ళు తాగి బయల్దేరండి, వచ్చాక మజ్జిగ. చెప్పులు వద్దు, గట్టు మీద గుల్ల, కంకర, మడమ పట్టేస్తది, మెత్తటి అడుగున్న బూట్లు ఒక్కటి మాత్రం కొనుక్కోండి, ఈ ఖర్చు దగ్గర పీనాసితనం నేను చేసి మూడు వారాలు కుంటాను.

కాలవ గట్టు బావుంటది గానీ జాగ్రత్తలున్నాయి. చేతిలో టార్చి, ఓ చిన్న కర్ర, వానాకాలం గడ్డిలో పాములుంటాయి, చేలల్లో నీళ్ళు నిండితే అవి గట్టెక్కుతాయి కదండి. గట్టు మీద రోడ్డుంటే ఎదురొచ్చే బళ్ళు కనపడేలా కుడిపక్కన నడవండి, లేతరంగు చొక్కా వేసుకోండి, తెల్లారగట్ల రొయ్యల బళ్ళు ఎంత స్పీడులో వస్తాయో మనకి తెలుసు. ఏటిగట్టు మీద నడిచేవాళ్ళు వరదల టైములో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి నీటిమట్టం కబురు చూసుకోండి, 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండో హెచ్చరిక వచ్చిందంటే నేను ఊళ్ళో స్కూలు గ్రౌండులోనే తిరుగుతా. 2022 జులైలో మూడోది కూడా దాటేసింది, మర్చిపోలేదు కదా.

కాలవలు కట్టేసిన రోజుల్లో, అంటే జూన్‌లో మళ్ళీ నీళ్ళొదిలేదాకా, అడుగున మిగిలిన నీళ్ళు కుళ్ళి ఆ వాసనకి నడవబుద్ధి కాదు. నాకు మొదటి ఏడు నడక ఆగింది సరిగ్గా అక్కడే, దాళ్వా కోతలు, మిల్లు రద్దీ కూడా అప్పుడే కదా. ఇప్పుడు ఆ రెండు నెలలకి, సార్వా (ఖరీఫ్ వరి) కోతల్లో నవంబరు, డిసెంబరుకి వేరే వంతు పెట్టుకున్నా. పొద్దున నడక 10 నిమిషాలే, మధ్యాహ్నం భోజనమయ్యాక మిల్లు కళ్ళంలో నీడ పట్టున 10 నిమిషాలు, రాత్రి అన్నం తిన్నాక వీధి చివరిదాకా మా ఆవిడతో 10. ముక్కలైనా అరగంట అరగంటే. పైగా తిన్నాక నడిస్తే షుగరు అంత పైకి ఎగరదు, రెండు పూటలా అన్నం తినే మనలాంటోళ్ళకి ఇది చాలా ముఖ్యం. ఫోన్లు మాట్లాడాల్సినవి కూడా నడుస్తూనే మాట్లాడేస్తా, ధాన్యంలో తేమ 17 శాతం దాటిందా లేదా అని రైతులు చేసే ఫోన్లతోనే రోజుకి పావుగంట నడక అయిపోద్ది.

కండలకి పనంటే జిమ్ములు అక్కర్లేదు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పది సార్లు లేచి కూర్చోడం, గోడకి చేతులాన్చి పది దండీలు, మూడేసి విడతలు. మిల్లులో ఉన్నాం కదా అని 75 కేజీల బస్తా మాత్రం ఎత్తకండి, అది కళాసీల విద్య, మనకి నడుం పోద్ది.

నాలుగో పని: అదనపు సంపాదన, దానికి హద్దు

రాత్రిళ్ళు చేసిన ఆ ఎనిమిది నెలల్లో 56 వేలొచ్చాయి. టెస్టులు, పోయిన జీతం, చేబదులు వడ్డీ తీసేస్తే మిగిలింది చాలా తక్కువ, ఎంతో రాయడానికి కూడా సిగ్గేస్తోంది. ఇప్పుడు ఒక్క షాపే ఉంచుకున్నా, నెలకి 3 వేలు, ఆదివారం పొద్దున మాత్రమే. రూలు ఒకటే పెట్టుకున్నా: నిద్రనీ నడకనీ తినే పని ఒప్పుకోను, డబ్బెంతిచ్చినా. రాత్రి 10:30కి లైటు ఆర్పెయ్యాలి. మా ఓనరుగారికి కూడా చెప్పేశా, సీజన్లో ఇంటికి ఆలస్యంగా వెళ్తాను గానీ పొద్దున 8కి ముందు ఫోను చెయ్యకండి సార్ అని. భయపడుతూ చెప్పా, ఆయన సరే అన్నారు, అడక్కపోవడమే నా తప్పు ఇన్నాళ్ళూ.

ఐదో పని: అసల్లోకి కట్టడం

షాపు డబ్బు ఏడాదికి 36 వేలు, మిల్లులో ఇచ్చే బోనసు, మా నాన్నగారి వాటా కొబ్బరికాయల డబ్బు, అన్నీ ఒక ఆర్డీలోకి, అంటే బ్యాంకులో నెలనెలా దాచే ఖాతాలోకి. సంక్రాంతి వెళ్ళాక అది తీసి అసల్లోకి లక్ష కట్టాం. నాలాంటి లోనుకి రెండేళ్ళు అయ్యాక లక్ష కడితే సుమారు 20 నెలలు తగ్గుతాయి, వడ్డీ 3 లక్షలకి పైనే మిగులుద్ది. ఒక్కసారే లక్ష అంటే కష్టమనుకునేవాళ్ళు ఏడాదికి ఒక ఈఎంఐ ఎక్కువ కట్టండి చాలు, 20 ఏళ్ళ లోను మూడేళ్ళకి పైనే ముందు అయిపోద్ది.

కౌంటర్లో కుర్రాడు అడుగుతాడు, "ఈఎంఐ తగ్గించమంటారా సార్, టెన్యూర్ తగ్గించమంటారా?" అని. ఇంటి ఖర్చుకి మరీ ఇరుగ్గా ఉంటే తప్ప టెన్యూర్, అంటే లోను కాలం, తగ్గించమనండి, కాగితం మీద రాసివ్వండి, కొత్త షెడ్యూలు చేతికి తీసుకున్నాకే కదలండి. నాకు మొదటిసారి ఆ డబ్బు ముందు నెలల ఈఎంఐ కింద జమేసేశారు, మళ్ళీ రెండుసార్లు తిరిగితే గానీ సరిచెయ్యలేదు. ఫ్లోటింగ్ రేటు ఇంటి లోనుకి ముందే కడితే పెనాల్టీ వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకి చెప్పేసింది, ఎవరైనా చార్జీ అంటే ఆ మాట చెప్పండి.

పన్ను సంగతి కూడా చూసుకోండి, పాత పద్ధతిలో ఉన్నోళ్ళకి సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది, కొత్త పద్ధతిలో అది లేదు. నా జీతానికి దీంతో పెద్ద తేడా రాలేదు.

ఆరో పని: బుర్రలో బరువు

ఒళ్ళు బాగుపడ్డా ఇది వేరే. నెలకోసారి, ఆరో తారీఖు సాయంత్రం, ఈఎంఐ వెళ్ళిపోయిన మర్నాడు, నేనూ మా ఆవిడా వీధరుగు మీద కూర్చుని మిగిలిన అసలు ఎంతో ఓ పాత క్యాలెండరు వెనక రాస్తాం. పది నిమిషాలు. ఆ పదినిమిషాలు దాటితే లోను మాట ఇంట్లో ఎత్తకూడదు, మళ్ళీ ఆరో తారీఖు దాకా. నేను ఒక్కణ్ణే జేబులో పెట్టుకు తిరిగిన కాగితం ఇప్పుడు గోడకి వేలాడుతోంది, అంతే తేడా, నిద్ర మాత్రం పడుతోంది.

రెండు వారాలకి మించి నిద్ర లేకపోయినా, దేనిమీదా మనసు లేకపోయినా, బతుకు మీద విరక్తి మాటలొస్తున్నా 14416కి ఫోను చెయ్యండి, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఉద్యోగం పోయి ఈఎంఐ కట్టలేని పరిస్థితొస్తే తప్పాక కాదు, తప్పకముందే బ్యాంకుకి వెళ్ళి చెప్పండి, కాలం పెంచడమో ఇంకోటో దారి చూస్తారు. వరసగా 90 రోజులు దాటి బాకీ పడితే లోను మొండి బాకీ లెక్కలోకి వెళ్ళిపోద్ది, అప్పుడు మాట వినేవాళ్ళు తగ్గిపోతారు.

ఆఖరి పని, తీరిపోయే రోజుకి

నాకింకా చాలా ఏళ్ళుంది గానీ మా మావయ్యగారిది మొన్న తీరింది కాబట్టి చూశాను. మొత్తం కట్టేశాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఉన్న రూలు ప్రకారం 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు తిరిగిచ్చెయ్యాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేలు మనకి కట్టాలి. ఇచ్చేటప్పుడు లింకు డాక్యుమెంట్లతో (ఆస్తి పాత దస్తావేజులతో) సహా పేజీలు లెక్కపెట్టుకుని సంతకం పెట్టండి. మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్‌లో లోను క్లోజ్ అయినట్టు వచ్చిందో లేదో ఓ నెలాగి చూసుకోండి. లోను తీసుకున్నప్పుడు తాకట్టు రిజిస్టరు చేసుంటే అది రద్దు చేయించి, రిజిస్ట్రారాఫీసులో ఈసీ (ఆస్తి మీద బాకీలు, లావాదేవీలు చూపే కాగితం) తీయించి, అందులో బ్యాంకు పేరు పోయిందని కళ్ళతో చూసుకోండి. మా మావయ్యగారు ఆ ఈసీ కోసం రిజిస్ట్రారాఫీసుకి ఇంటి దగ్గర్నుంచి నడిచే వెళ్ళారు, రెండు కిలోమీటర్లు, 68 ఏళ్ళకి.